ఛాత్రోపాధ్యాయుల చేతిలో డిజిటల్ కథ

డిజిటల్ కథ అంటే రెండు నుంచి ఐదు నిమిషాల నిడివి ఉన్న చిన్న వీడియో. ఒక మనిషి తన సొంత గొంతుతో చెప్పిన కథ, దానికి తగిన కొన్ని ఫొటోలో బొమ్మలో, అవసరమైతే కాస్త శబ్దం. సామగ్రి ఇంతే. పవర్‌పాయింట్ స్లైడ్ల మీది పాఠాన్ని చదివి రికార్డు చేస్తే అది డిజిటల్ కథ అనిపించుకోదు. యూట్యూబ్‌లో దొరికిన యానిమేషన్ బొమ్మను తరగతిలో వేసి చూపినా అంతే. ఒక పాత్ర ఉండాలి, ఆ పాత్రకు ఒక చిక్కు రావాలి, అది ఎలా తేలుతుందోనన్న కుతూహలం వినేవాళ్లకు కలగాలి. గుంటూరు బ్రాడీపేటలో గదులు తీసుకుని బీఎడ్, డీఎడ్ చదువుకునే ఛాత్రోపాధ్యాయులకు ఈ పద్ధతి ఎలా అందుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, పిల్లల చదువుకు దాని వల్ల ఏం ఒరుగుతుంది అన్నవి ఈ సమీక్షకు విషయాలు.

ఈ ప్రక్రియ పుట్టింది కాలిఫోర్నియాలో. జో లాంబర్ట్, డానా ఆచ్లీ, నీనా ముల్లెన్ కలిసి 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజిటల్ మీడియా కేంద్రం పెట్టారు. అది 1998లో బర్క్‌లీకి మారింది. 2015 నుంచి స్టోరీసెంటర్ పేరుతో నడుస్తోంది. ఎడిటింగ్ అంటే ఏమిటో తెలియని మామూలు జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ల జీవితంలోని ఒక ముక్కను మూడు నిమిషాల కథగా వాళ్లతోనే చేయించడం ఆ కేంద్రం పని. చెప్పేవారి దృక్కోణం, కథను నడిపే ప్రశ్న, అనుభూతి, సొంత గొంతు, నేపథ్య శబ్దం, పొదుపు, నడక అనే ఏడు అంశాలను లాంబర్ట్ బృందం గుర్తించింది. 2001లో డేనియల్ మెడోస్ చొరవతో బీబీసీ వేల్స్ మొదలుపెట్టిన ‘క్యాప్చర్ వేల్స్’ ఇదే పనిని ఊరూరా తిరిగి చేసింది. బడి గదిలోకి దీన్ని పద్ధతిగా తెచ్చినవారిలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు బెర్నార్డ్ రాబిన్ ముఖ్యుడు. సొంత అనుభవం చెప్పేవి, చరిత్ర ఘట్టాలను చెప్పేవి, ఒక విషయాన్ని బోధించేవి అని ఆయన డిజిటల్ కథలను మూడు రకాలు చేశాడు. ఉపాధ్యాయ శిక్షణ ఎక్కువగా మూడో రకం మీదే ఆధారపడుతుంది. అయితే మొదటి రకం చేసి చూడని ఛాత్రోపాధ్యాయులకు మూడో రకంలో కథ పలకదు. పాఠమే పలుకుతుంది.

కథతో పాఠం చెప్పడానికి కంప్యూటరు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు. గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో వెలువరించిన ‘దివాస్వప్న’లోని ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని అదుపు చేయబోయి మొదట విఫలమవుతాడు. మర్నాడు కథ ఎత్తుకున్నాకే పిల్లలు అతని వెంట వస్తారు. తెలుగులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పిల్లల గొంతుల్నే రేడియోలో వినిపించారు. గుంటూరుకు దగ్గరలోని పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఉద్యమాల వేదిక దాకా తీసుకుపోయి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం పలికిస్తే, ఇంకొకరు కథ మధ్యలో వర్తమాన విషయాన్ని లాగి ప్రశ్న వేస్తారు. తరగతిలో డిజిటల్ కథను ఎక్కడ ఆపాలో, పిల్లల్ని ఏం అడగాలో తెలియాలంటే ఆ రెండో వంత పని చూస్తే చాలు. మన శిక్షణ కళాశాలల్లో నాజర్‌ను లలితకళల పాఠానికే పరిమితం చేసి, సాంకేతిక పాఠానికి విదేశీ నమూనాలే వెతకడం సరైన పద్ధతి కాదు.

తెర మీది చదువుకూ ఇక్కడ చరిత్ర ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు కార్యక్రమాలు అందించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట ప్రసారాలు బడి పిల్లల కోసమే. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఈ రెంటిలోనూ పాఠం ఎక్కడో తయారై బడికి చేరింది. బడిలోని ఉపాధ్యాయుడికి దాన్ని మార్చే వీలు లేదు. డిజిటల్ కథ ఆ వీలు కల్పిస్తుంది. శిక్షణలో దానికి చోటు ఇవ్వాలన్న వాదనకు అసలు బలం ఇదే.

ఆ చోటు కాగితం మీద ఇప్పటికే ఉంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లదైంది. పాఠశాల ఇంటర్న్‌షిప్ 16 వారాలైంది. వృత్తి సామర్థ్యాలు పెంచే నాలుగు పత్రాలు వచ్చాయి: పాఠ్యాలను చదివి ఆలోచించడం, విద్యలో నాటకమూ కళలూ, ఐసీటీని (సమాచార, ప్రసార సాంకేతికతను) విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం. ఒక్క డిజిటల్ కథ తయారీలో ఈ నాలుగు పత్రాల పనీ కలిసి వస్తుంది. కానీ టైంటేబుల్‌లో అవి నాలుగు వేర్వేరు గంటలు. నాలుగు వేర్వేరు రికార్డులు రాయాలి. ఐసీటీ పత్రం చాలాచోట్ల వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ నేర్పే కంప్యూటర్ క్లాసుగా మిగిలిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం కథ ఆధారిత బోధనను అన్ని దశల్లోనూ పేరుపెట్టి సూచించింది. ప్రాథమిక స్థాయి ఉపాధ్యాయులను తయారుచేసే డైట్‌లు, అంటే గుంటూరు వైపు బోయపాలెం, ప్రకాశం వైపు మైనంపాడు, ఆ సూచన ముందుగా అందుకోవలసిన సంస్థలు. చిన్న తరగతుల్లోనే కథ పని ఎక్కువ.

చదివేవాళ్ల దృష్టి మాత్రం ఇంకోచోట ఉంటుంది. లైన్లు, అడ్డరోడ్ల అంకెలతోనే చిరునామా తెలిసే బ్రాడీపేటలో హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ పక్కపక్కనే ఉంటాయి. బీఎడ్ చేరిన నాటి నుంచే ఉపాధ్యాయ కొలువుకు రాయాల్సిన టెట్, డీఎస్సీ పరీక్షలు గుర్తుకొస్తుంటాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. వాటికి ఎంపిక చేసే పరీక్షలో నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తించాలి. కథ రాయగలరా, గొంతుతో తరగతిని పట్టి ఉంచగలరా అన్నది అక్కడ ఎవరూ చూడరు. రెండేళ్ల శిక్షణలో డిజిటల్ కథకు దక్కే శ్రద్ధ ఎంతో దీన్ని బట్టే ఊహించవచ్చు. దీనికి ఛాత్రోపాధ్యాయులను తప్పుపట్టలేం. ఎంపిక విధానం దేన్ని కొలుస్తుందో శ్రమ అటే పోతుంది.

బడుల్లో తెరలకు ఇప్పుడు పెద్దగా కొదవ లేదు. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మనబడి నాడు–నేడు’ కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల ఉపాధ్యాయులకూ ట్యాబుల పంపిణీ ప్రారంభమైంది. రాష్ట్రమంతటా కలిపి అవి ఐదు లక్షలకు పైమాటే. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల గోడలకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2017లో మొదలైన డిజిటల్ పాఠాల వేదిక దీక్షాకు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడే దారి. ఇన్ని వచ్చినా వాటిలో నడిచేది అధికభాగం వేరేచోట సిద్ధమై వచ్చిన సరుకే. ట్యాబుల్లోని పాఠాలూ ముందే నింపినవి. నకరికల్లు మండలంలోని బడికీ నరసాపురం బడికీ ఒకే బొమ్మ, ఒకే గొంతు. తెర కొనడానికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఆ తెర మీదికి తన ఊరి కథ ఎక్కించగల ఉపాధ్యాయుణ్ణి తయారుచేయడానికి పెట్టాలి.

డిజిటల్ కథ నేర్చుకోవడంలో కష్టమైన భాగం రాత. ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ లాంటి ఫోన్ యాప్‌లలో ఫొటోలు వరసగా పేర్చి గొంతు జోడించడం ఒక పూటలో వస్తుంది. మూడు నిమిషాల కథ రాయడం వారం పడుతుంది. ఐదో తరగతి పరిసరాల విజ్ఞానంలో పంట ఎండబెట్టడం గురించి చెప్పాలనుకుందాం. ఛాత్రోపాధ్యాయుల మొదటి రాత సాధారణంగా ఇలా వస్తుంది: “మిరప ఒక ముఖ్యమైన వాణిజ్య పంట. గుంటూరు జిల్లా మిరపకు ప్రసిద్ధి. కోసిన కాయలను ఎండలో ఆరబెట్టవలెను.” ఇందులో అబద్ధం లేదు, మనిషీ లేడు. అదే విషయాన్ని ఒక పిల్లతో చెప్పిస్తే: “కల్లంలో కాయ ఇంకా పచ్చిగానే ఉంది. సాయంత్రానికి పడమర మబ్బు లేచింది. నాన్న మిర్చి యార్డుకు పోయాడు. అమ్మ, నేను, రెండు పట్టాలు. కల్లం మాత్రం మూడు పట్టాలంత ఉంది.” పట్టా ఎక్కడ కప్పాలి అన్న ప్రశ్న ఇప్పుడు వినే ప్రతి పిల్లాడి ప్రశ్న అవుతుంది. తడిసిన కాయకు బూజు ఎందుకు పడుతుంది, నేల మీద కన్నా పట్టా మీద ఆరబోయడం ఎందుకు మేలు, రంగు మారిన తాలు కాయకు ధర ఎందుకు పడిపోతుంది అన్న విజ్ఞానమంతా ఆ ప్రశ్న వెనకే నడిచి వస్తుంది.

రాతకు కొలత ఉంటుంది. పిల్లలకు అర్థమయ్యేలా నిదానంగా చెబితే నిమిషానికి సుమారు 100 తెలుగు మాటలు పడతాయి. మూడు నిమిషాల కథకు 300 మాటలు మించితే ఊపిరాడకుండా చదవాల్సి వస్తుంది. రాసినదాన్ని ముందు తోటి ట్రైనీలకు కాగితం లేకుండా చెప్పి చూడాలి. నోటికి రాని వాక్యం ఏదో అక్కడే బయటపడుతుంది. “ఆరబెట్టవలెను” అన్నది ఆ గదిలోనే రాలిపోతుంది. ఆ తర్వాతే స్టోరీబోర్డు: ఎడమ వైపు మాటలు, కుడి వైపు ఆ మాటలకు కనిపించే బొమ్మ. మిరప కథకు పది పన్నెండు బొమ్మలు చాలు. నారుమడి, కోత కూలీల చేతులు, ఎర్రగా పరుచుకున్న కల్లం, మబ్బు, పట్టా అంచున పెట్టిన రాయి, తొడిమ తీసే ముసలవ్వ వేళ్లు, యార్డులో టిక్కీల (మిరప బస్తాల) వరస. గూగుల్‌లో వెతికి తెచ్చిన మెరిసే మిరప ఫొటోల కన్నా సొంత ఫోనుతో తీసిన మసక ఫొటో మేలు. అది తమ ఊరని పిల్లలు చూడగానే పోలుస్తారు. ఈ మధ్య యంత్రం గీసిచ్చే కృత్రిమ బొమ్మల వాడకం పెరిగింది. వాటిలో మిరప కాయలు మొక్కకు ఆకాశం వైపు గుత్తులుగా నిలబడి కనిపిస్తే, రైతుల పిల్లల ముందు ఉపాధ్యాయుడి మాట తేలిపోతుంది.

గొంతు రికార్డు చేయడమూ చిన్న పనేం కాదు. హాస్టల్ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆ హోరు కథంతా వినిపిస్తుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఫోను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పట్టుకుంటే మంచి మైకు లేని లోటు చాలావరకు తీరుతుంది. తెల్లవారుజామున వాహనాల రొద ఉండదు. యంత్రం చదివే తెలుగు గొంతులు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి సమాసాల దగ్గర, “ఏందిరా”, “అట్నే” లాంటి మాటల దగ్గర తడబడతాయి. అదలా ఉంచినా, ఉపాధ్యాయుడి గొంతు పిల్లలకు తెలిసిన గొంతు. దాన్ని యంత్రానికి అప్పగిస్తే ఈ ప్రక్రియ ప్రాణమే పోతుంది. అక్షరాల దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు ఫోను యాప్‌లో గజిబిజి గుర్తులుగా మారుతుంది. శీర్షికలు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయాలి.

నేపథ్య సంగీతం మీద పరిశోధకుల్లోనే రెండు మాటలున్నాయి. లాంబర్ట్ ఏడు అంశాల్లో దానికి చోటుంది. బహుళ మాధ్యమాలతో నేర్చుకోవడం మీద దశాబ్దాలుగా ప్రయోగాలు చేసిన రిచర్డ్ మేయర్ మాత్రం, విషయానికి అవసరం లేని సంగీతమూ అలంకారపు బొమ్మలూ నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయని చూపించాడు. గొంతు చెప్పే మాటలనే తెర మీద అక్షరాలుగా వేస్తే మేలు కన్నా భారమే ఎక్కువని కూడా ఆయన ప్రయోగాల్లో తేలింది. అయితే చదవడం ఇంకా కుదురుకోని పిల్లలకు, ఇంగ్లిష్ మాధ్యమంలో కొత్తగా అడుగుపెట్టిన పిల్లలకు తెర మీది మాట ఆసరా అవుతుంది. సొంత అనుభవం చెప్పే కథకు కాస్త సంగీతం పర్వాలేదు, సైన్సు కథకు కల్లంలో గాలి చప్పుడు చాలు అన్నది ఈ రెంటినీ కలిపి చూస్తే తేలే మాట.

పద్ధతి ఫలితాల మీద వచ్చిన అధ్యయనాల్లో కొన్నింటిని ప్రత్యేకంగా చూడాలి. అమెరికాలో హియో 2009లో ప్రచురించిన అధ్యయనంలో 98 మంది ఛాత్రోపాధ్యాయులు డిజిటల్ కథ తయారీ అనుభవం తర్వాత సాంకేతికత విషయంలో తమ మీద తమకు నమ్మకం పెరిగిందని చెప్పారు. ఈజిప్టులో సాదిక్ 2008లో ప్రచురించిన అధ్యయనం పిల్లలే కథలు తయారుచేసిన తీరును పరిశీలించింది. తైవాన్‌లో యాంగ్, వూ 2012లో ప్రచురించిన పరిశోధన ఏడాదిపాటు 110 మంది పదో తరగతి పిల్లలతో సాగింది. డిజిటల్ కథలు తయారుచేసిన తరగతి ఇంగ్లిష్‌లోనూ, విమర్శనాత్మక ఆలోచనలోనూ, ఉత్సాహంలోనూ మామూలు సాంకేతిక బోధన పొందిన తరగతిని మించింది. వీటిలో మొదటిది ఛాత్రోపాధ్యాయుల మాట మీద ఆధారపడింది. నమ్మకం పెరగడం వేరు, తరగతిలో బాగా చెప్పడం వేరు. తైవాన్ అధ్యయనం బలమైనదే, కానీ అక్కడ కథలు చేసింది పిల్లలు. చూపించడం వల్ల వచ్చే లాభానికి దాన్ని సాక్ష్యంగా తేకూడదు. మాధ్యమం తనంతట తాను చదువు నేర్పదని రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు. పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ చట్రం ప్రకారం విషయ జ్ఞానం, బోధన జ్ఞానం, సాంకేతిక జ్ఞానం కలిసే చోటే ఉపాధ్యాయుడి నేర్పు ఉంటుంది. మిరప గురించి తెలిసి, ఐదో తరగతి పిల్లల సంగతి తెలిసి, ఫోను వాడటం కూడా తెలిస్తేనే కల్లం కథ వస్తుంది.

తరగతిలో కథను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వేసి, “ఏం నేర్చుకున్నారు?” అని అడగడం అనుభవం లేనివాళ్లు చేసే పని. మబ్బు లేచిన దగ్గర ఆపాలి. రెండు పట్టాలతో ఏం చేస్తారో పిల్లలను జట్లుగా మాట్లాడుకోనివ్వాలి. వాళ్ల ఉపాయాలు బోర్డు మీద రాశాక మిగతా కథ వేయాలి. మూడు నిమిషాల కథకు నలభై నిమిషాల పీరియడంతా పని ఉంటుంది. 2023 ఆగస్టులో రాష్ట్ర విద్యాశాఖ తరగతి గదుల్లో సెల్‌ఫోన్ల వాడకంపై ఆంక్షలు పెట్టింది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవాళ్లు కథను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ప్యానెల్ మీదే వేయడం నేర్చుకోవాలి. కరెంటు పోతే ఆ కథనే నోటితో చెప్పగలగాలి. నోటితో చెప్పి మెప్పించలేని కథ తెర మీద కూడా నిలవదు.

పిల్లలే కథలు చేసే దశకు వెళితే ఈ పద్ధతి అసలు విలువ తెలుస్తుంది. శీతాకాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస వస్తాయి. వాళ్ల వెంట వచ్చే పిల్లలు బడిలో చేరినా వెనక బెంచీలో మౌనంగా ఉంటారు. పల్నాడు, ప్రకాశం తండాల పిల్లలకు ఇంటి భాష లంబాడీ. నల్లమల అంచున చెంచు పిల్లలున్నారు. పాఠ్యపుస్తకం భాషలో వీళ్లంతా వెనకబడినవాళ్లు. “మా ఊరి నుంచి ఇక్కడికి ఎట్లా వచ్చాం” అన్న రెండు నిమిషాల కథలో వీళ్లకు తెలిసినంత ఆ తరగతిలో ఇంకెవరికీ తెలియదు. కర్నూలు పడమటి మండలమైన కోసిగి నుంచి వచ్చిన పిల్ల తన యాసలోనే చెప్పాలి. దాన్ని దిద్దే పని ఉపాధ్యాయుడిది కాదు. చరిత్రకూ ఇదే దారి. 1921లో పురపాలక పన్నులకు ఎదురుతిరిగి చీరాల–పేరాల జనం ఊరు ఖాళీ చేసి బయట పాకల్లో కాపురం పెట్టిన ఘట్టాన్ని, ఆ ఊళ్లలోని పెద్దవాళ్లు విన్న మాటలతో పిల్లలు కథగా చేస్తే పుస్తకంలోని ఒక పేరా మనుషుల కథగా మారుతుంది.

పిల్లల గొంతులూ ముఖాలూ చేతికి వచ్చినప్పుడు బాధ్యత కూడా వస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, వలస పిల్ల చెప్పిన ఇంటి కష్టాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం నమ్మకద్రోహం. ముఖం బదులు చేతులో, పిల్ల గీసిన బొమ్మో చూపవచ్చు. పేరు మార్చవచ్చు. బయటి సరుకు విషయంలో 1957 కాపీరైటు చట్టం బోధన కోసం కొంత వెసులుబాటు ఇచ్చింది. తరగతి దాటి ఇంటర్నెట్‌లోకి ఎక్కించే కథకు ఆ వెసులుబాటును నమ్ముకోకూడదు. సినిమా పాట వాడొద్దు. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలూ బొమ్మలూ ఉన్నాయి. మూలం పేరు చెప్పి వాటిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా.

మూల్యాంకనంలో సీడీ అందిందా, రికార్డు అందంగా ఉందా అన్న లెక్కలు పోవాలి. కథను నడిపే ప్రశ్న ఉందా, విషయం సరైనదేనా, గొంతు ఛాత్రోపాధ్యాయుడిదేనా, ఎక్కడ ఆపాలో పాఠ్యప్రణాళికలో రాసుకున్నారా, ఆపినప్పుడు పిల్లలు ఏమన్నారో తర్వాత రాశారా అని పర్యవేక్షకులు చూడాలి. ఇందులో చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలు ఏమన్నారో రాసిన పేజీ చదివితే కథను ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది. నాలుగు వృత్తి పత్రాలకూ ఒక్క కథనే ఉమ్మడి పనిగా ఒప్పుకుంటే రికార్డుల భారం తగ్గి, ఒకే కథను మూడుసార్లు తిరగరాయడానికి సమయం మిగులుతుంది. ఏటా వచ్చిన కథల్లో బాగున్నవాటిని తరగతి, పాఠం, ఊరు వారీగా కళాశాలలోనే భద్రపరిచి, మరుసటి సంవత్సరం ఇంటర్న్‌షిప్ బడులకు ఇస్తే, కొత్తవాళ్లు పాత కథల్లోని లోపాలు పట్టుకోవడంతోనే పని మొదలుపెట్టవచ్చు.